అసర్ తెలుగు చదువు కాగితం: దేవరకొండ వైపు తండా బడి నుంచి ఒక రివ్యూ

వస్తువు ఒక ఏ4 కాగితం. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దేవరకొండ బస్టాండ్ దగ్గర జిరాక్స్ తీయిస్తే రెండు రూపాయలు, లామినేషన్‌కు ఇంకో ముప్పై. తయారుచేసేది ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన అసర్ సెంటర్. 2005 నుంచి దేశమంతా పల్లెల్లో వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి, పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చిందో చూసే సర్వే ఒకటి ఉంది కదా, అందులో వాడేది ఈ కాగితమే. తెలుగులోనూ ఉంది. నాకు దీన్ని ఎవరూ అమ్మలేదు, రివ్యూ రాయమని ఎవరూ అడగలేదు. నల్లగొండ జిల్లా దేవరకొండ డివిజన్‌లో ఒక తండా బడిలో ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచర్‌ని. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లం. తోటి టీచర్లు వాట్సాప్‌లో "మేడమ్, ఆ కాగితం నిజంగా పనిచేస్తదా?" అని అడుగుతున్నారు. అవుననీ కాదనీ ఒక్క మాటలో తేల్చలేక ఇది రాస్తున్నాను.

ముందు కాగితం సంగతి. నాలుగు భాగాలుంటాయి: కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, దానికంటే పొడుగున్న కథ. పేరా ఒకటో తరగతి స్థాయి, కథ రెండో తరగతి స్థాయి. పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని చదివించాలి. మొదట పేరా చేతికివ్వాలి. అది చదివితే కథ. చదవలేకపోతే మాటలు, తనకు నచ్చిన ఐదు చదవమనాలి, నాలుగు సరిగ్గా వస్తే ఆ మెట్టు వచ్చినట్టే. మాటలూ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదింటికి నాలుగు. అవీ రాకపోతే ప్రారంభ స్థాయి. మనిషికి ఐదు నిమిషాలు చాలు.

నాకు బాగా నచ్చింది ఈ పరీక్ష మధ్యలో మొదలవడం. మనం పెట్టే పరీక్షలన్నీ తరగతి స్థాయిలో మొదలై అక్కడే ముగుస్తాయి. ఐదో తరగతి పిల్లకు ఐదో తరగతి పేపరే ఇస్తాం. రాకపోతే సున్నా వేస్తాం. ఆ సున్నా వెనక ఏముందో మనకు తెలియదు. అక్షరాలే రావా, గుణింతాల దగ్గర ఆగిందా, చదవగలదు గాని రాయలేదా? ఈ కాగితం అలా వదిలెయ్యదు. రాని చోట ఆపి ఒక మెట్టు కిందికి దింపుతుంది, పిల్ల తనకు వచ్చినదాన్ని చదివి లేచి వెళ్తుంది. "నాకు వచ్చింది మేడమ్" అనుకుంటూ లేస్తుంది గాని తలవంచుకుని కాదు. చిన్న విషయంలా కనిపిస్తుంది. తండా పిల్లలతో పనిచేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మొదటిసారి వాడినప్పుడు తేలింది చెబుతాను. ఐదో తరగతిలో ఒక బాబు. నోట్సు చూస్తే ముచ్చటేస్తుంది, గుండ్రటి చేతిరాత, బోర్డు మీద ఉన్నది తు.చ. తప్పకుండా దించేస్తాడు. పేరా చేతికిస్తే మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. "మేడమ్, గిది మన పుస్తకంల లేదు గదా" అన్నాడు. వాడు చెప్పిందాంట్లో అబద్ధం ఏమీ లేదు. వాడికి పుస్తకంలోని పాఠాలు నోటికొచ్చు, చదవడమే రాదు. అదే రోజు మూడో తరగతి పాప కథ మొత్తం గడగడా చదివేసి, ఇంకోటి ఉందా అని అడిగింది. వాళ్లక్క హైస్కూల్లో చదువుతోంది, ఇంట్లో పుస్తకాలు తిరగేస్తారట. హాజరు రిజిస్టరులో మూడో తరగతి, ఐదో తరగతి అని రాసుకుంటాం గాని, చదువులో వాళ్లిద్దరి స్థానాలు తారుమారుగా ఉన్నాయి. మనం మాత్రం ఇద్దరికీ వాళ్ల వాళ్ల తరగతి పాఠాలే చెబుతూ పోతున్నాం.

ఇది మా బడి ఒక్కదాని కథేమీ కాదు. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో 16.3 శాతమే ఉండేది. పెరిగింది కదా అని సంతోషించొచ్చు, నలుగురిలో ముగ్గురికి రావట్లేదని దిగులూ పడొచ్చు. నేను రెండూ చేశాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, ఇక్కడే కొంచెం గట్టిగా చెప్పాలి. తెలుగుకు సంబంధించినంత వరకు ఈ కాగితంలో అక్షరాలకూ మాటలకూ మధ్య పెద్ద అగాధం ఉంది. వర్ణమాల నేర్చిన పిల్ల నేరుగా మాటలు చదవలేదు. మధ్యలో గుణింతాలున్నాయి, ఆ తర్వాత ఒత్తులున్నాయి. మా దగ్గర చాలామంది పిల్లలు నెలల తరబడి ఆ మధ్యలోనే ఉంటారు. కా, కి, కీ దాటి కొ, కో దగ్గర తడబడుతుంటారు. మొన్నటిదాకా ఒక్క గుణింతమూ రాని పిల్ల ఇప్పుడు సగం గుణింతాలు పలుకుతున్నా, కాగితం మాత్రం ఆమెను ఇంకా "అక్షరాలు" దగ్గరే చూపిస్తుంది. పిల్ల కదిలింది, కాగితం కదల్లేదు. సర్వేకు అది సరిపోతుందేమో గాని టీచర్‌కు సరిపోదు. అందుకే నేను ఒక పేజీ సొంతంగా తయారుచేసుకున్నాను: ఒక వరసలో తలకట్టు, దీర్ఘం, గుడి; ఇంకో వరసలో కొమ్ము, ఎత్వం, ఒత్వం; చివర్లో అమ్మ, అన్నం, బువ్వ లాంటి తేలిక ఒత్తులు. కాగితం పక్కన ఇది లేకుండా తెలుగు పిల్లలకు వాడొద్దనే నా సలహా.

రెండో లోపం అర్థం. మా పిల్లల ఇంటి భాష లంబాడీ. తెలుగు వాళ్లకు బడిలోనే ఎక్కువగా వినిపిస్తుంది. కథను తప్పు లేకుండా చదివి, అందులో ఎవరు ఏం చేశారో చెప్పలేని పిల్లలు నాకు కనిపించారు. కాగితం లెక్కలో వాళ్లు పై మెట్టు ఎక్కినట్టే. నేను కథ అయ్యాక రెండు ప్రశ్నలు అడుగుతాను, లంబాడీలో జవాబు చెప్పినా ఒప్పుకుంటాను. నాకు ఆ భాష అంతంత మాత్రమే వచ్చు, అయినా పిల్లకు అర్థమైందో లేదో ఆమె చెప్పే తీరులోనే తెలిసిపోతుంది.

రాయడం ఇందులో లేదు. దాన్ని తప్పు పట్టను, కాగితం ఆ పని చేస్తానని చెప్పనూ లేదు.

ఇక అసలు సంగతి. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ మిషన్ 20 చూపిస్తే, మిషన్‌ను ఎన్నిసార్లు పెట్టి చూసినా అది కావాల్సిన 17కు దిగదు. ఎండబోసుకుంటేనే దిగుతుంది. ఈ కాగితమూ అంతే, పిల్ల ఎక్కడుందో చెబుతుంది, అంతవరకే దాని పని. మనవాళ్లు మాత్రం మిషన్ పెట్టడాన్నే పనిగా మార్చేస్తారు. ఒకసారి ఒక మీటింగ్‌లో మధ్యాహ్నం అంతా ఏ పిల్ల ఏ స్థాయిలో ఉందో ఫార్మాట్‌లో ఎలా నింపాలనేదే చర్చ. ఏ గడిలో ఏ రంగు వేయాలి, ఏ తేదీలోపు అప్‌లోడ్ చేయాలి. అక్షరాల స్థాయిలో ఉన్న పిల్లతో రేపు పొద్దున ఏం చేయాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. మా హెడ్‌మాస్టర్ సార్ లేచి "రంగు వేసినంక?" అని అడిగారు. అందరూ నవ్వారు, ఆయన మాత్రం నవ్వలేదు.

స్థాయి తెలుసుకోవడం ఒక్కటే చాలదనేది మన తెలుగు బడుల్లోనే పరీక్షించి చూసిన విషయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005-06లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. లాటరీలో ఎంపికైన వంద ప్రభుత్వ బడుల్లో ఏడాది మొదట్లో పిల్లలకు పరీక్ష పెట్టారు. ఎవరికి ఏది వచ్చో, ఏది రాదో వివరంగా రిపోర్టు తయారుచేసి టీచర్లకు ఇచ్చారు. ఏడాది పొడవునా అప్పుడప్పుడు వచ్చి తరగతులు చూసి వెళ్లారు. చూడటానికి వచ్చినప్పుడు ఆ టీచర్లు మిగతా బడుల టీచర్ల కంటే ఎక్కువ కష్టపడుతూ కనిపించారు. ఏడాది చివర పరీక్ష పెడితే పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. రిపోర్టులు అందుకున్న బడీ అందుకోని బడీ ఒకేచోట నిలబడ్డాయి. నేను ఇది చదివి కాసేపు అలా ఉండిపోయాను. ఎవరో చూస్తున్నప్పుడు బాగా చెప్పడం మనకు తెలియనిదా? ఎంఈవో (మండల విద్యాధికారి) గారు వస్తున్నారంటే టీఎల్‌ఎం, అంటే చార్టుల్లాంటి బోధన సామగ్రి అంతా బల్ల మీదికి వస్తుంది.

హర్యానాలో ఇంకా స్పష్టంగా తేలింది. 2012-13లో అక్కడి ప్రభుత్వ బడుల్లో రెండు పద్ధతులను పక్కపక్కనే పెట్టి చూశారు. ఒకటి సీసీఈ, అంటే నిరంతర సమగ్ర మూల్యాంకనం. టీచర్ తరచుగా పరీక్షించాలి, రాసుకోవాలి, రిపోర్టు కార్డు నింపాలి. రెండోది, రోజూ ఒక గంట కేటాయించి, మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలను తరగతి లెక్కన కాకుండా చదివే స్థాయి లెక్కన వేరే గదుల్లో కూర్చోబెట్టి చెప్పడం. సీసీఈ వల్ల పిల్లల చదువులో మెరుగు కనిపించలేదు. గంట పెట్టిన చోట హిందీ చదవడం మెరుగైంది. మన బడుల్లో ఏడాది పొడవునా పెట్టే ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షలదీ ఇదే గతి అని నేననను, నాకు తెలిసి ఇక్కడ ఎవరూ కొలవలేదు. కానీ ఎఫ్‌ఏ మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే వారంలో నా తరగతిలో ఎంత చదువు సాగుతుందో నాకు తెలుసు.

ఆ గంట వెనక ఉన్నది పాత ఆలోచనే. 2001-03 మధ్య వడోదర, ముంబయి మున్సిపల్ బడుల్లో ప్రథమ్ వాళ్లు బాల్‌సఖి అని అక్కడి అమ్మాయిలనే పెట్టి, వెనకబడిన పిల్లలకు విడిగా చదువు చెప్పించారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు దాన్ని కొలిచి చూస్తే మార్కులు పెరిగాయి, బాగా వెనకబడినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. వాళ్లిద్దరికీ మైఖేల్ క్రెమర్‌తో కలిపి 2019లో నోబెల్ వచ్చింది. అప్పుడు మన పేపర్లన్నీ నోబెల్ గురించి రాశాయి, బాల్‌సఖి గురించి రెండు లైన్లతో సరిపెట్టాయి.

నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోచింది బిహార్ సంగతి. అక్కడ 2008 వేసవిలో ప్రభుత్వ టీచర్లే సెలవుల్లో నెల రోజుల క్యాంపు పెట్టి, వెనకబడిన పిల్లలకు పునాది చదువు మాత్రమే నేర్పారు. పిల్లలు ముందుకు వచ్చారు. అదే రాష్ట్రంలో బడి నడిచే రోజుల్లో టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇస్తే ఏమీ కాలేదు. టీచర్లు అలాంటివాళ్లే, పిల్లలూ అలాంటివాళ్లే. వేసవిలో సిలబస్ లేదు, చేయాల్సిన పని ఒక్కటే ఉంది. బడి తెరిస్తే ఆ పని సిలబస్ కింద నలిగిపోయింది. "ప్రభుత్వ టీచర్లకు చెప్పడం చేతకాదు" అని టీలు తాగుతూ తేల్చేసేవాళ్లు ఈ ఒక్కటి చదివితే బాగుండు.

కాబట్టి కాగితం పనిచేస్తదా అని అడిగితే నా జవాబు: గంట ఉంటే పనిచేస్తుంది, గంట లేకపోతే లామినేషన్ డబ్బులు దండగ.

మా బడిలో గంట ఎలా కుదిరిందో కూడా చెప్పాలి, ఎందుకంటే హర్యానా లెక్క ఇక్కడ అతకదు. ఇద్దరు టీచర్లతో మూడు గుంపులు చేయలేం. సార్ పేరా, కథ స్థాయి పిల్లలను తీసుకుంటారు, నేను అక్షరాలు, మాటల వాళ్లను తీసుకుంటాను. ప్రార్థన అయిన వెంటనే పెట్టుకున్నాం, ఎందుకంటే మధ్యాహ్నం భోజనం తర్వాత పెట్టిన ఏదీ మా దగ్గర నిలవదు. మరి ఒకటి, రెండు తరగతుల పిల్లలు? వాళ్లను ఏం చేయాలో ఏ అధ్యయనమూ నాకు చెప్పలేదు. పలకలిచ్చి నా గుంపు పక్కనే కూర్చోబెడతాను. గోల ఉంటుంది. కానీ ఆ గోలలోనే ఒకటో తరగతి పిల్లలు కొందరు పెద్దవాళ్ల గుణింతాలు పట్టేసుకుంటున్నారు, ఇది నేను అనుకోని లాభం.

ఐదో తరగతి పిల్లలు మూడో తరగతి వాళ్ల పక్కన కూర్చోవడానికి మొదట్లో ముఖం ముడుచుకున్నారు. చేతిరాత బాగున్న ఆ బాబైతే సంచి సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాడికి చార్టు పట్టుకునే పని, చిన్నవాళ్ల చేత పలికించే పని అప్పగించాను. పలికించాలంటే తనకు రావాలి కదా, ముందురోజు సాయంత్రమే నన్నడిగి నేర్చుకుని వెళ్లేవాడు. ఇప్పుడు పేరా చదువుతున్నాడు, కొంచెం నెమ్మదిగా. కథ ఇంకా రాలేదు.

పిల్లలు ఒక మెట్టు ఎక్కగానే గుంపు మార్చెయ్యాలి, నెలాఖరు దాకా ఆగొద్దు. గుంపు అనేది ముద్రలా పడిపోతే పిల్లలకు దెబ్బ. ఈ పద్ధతి మీద నాకున్న భయం కూడా అదొక్కటే. స్థాయి పేరుతో కొందరిని వెనక బెంచీకి శాశ్వతంగా పంపెయ్యడం మనకు కొత్త కాదు.

గంటను తినేసేవి చాలా ఉన్నాయి. పత్తి ఏరే రోజుల్లో సగం మంది పిల్లలు చేలలో ఉంటారు, కొందరు తల్లిదండ్రుల వెంట హైదరాబాద్ పోతారు, తిరిగొచ్చేసరికి మెట్టు దిగి ఉంటారు. ఒక టీచర్ శిక్షణకో ఎన్నికల డ్యూటీకో వెళ్తే రెండో టీచర్ ఐదు తరగతులను కాసుకోవడమే అవుతుంది, గంట పోతుంది. 2022లో మన రాష్ట్రంలో తొలిమెట్టు అనే కార్యక్రమం వచ్చాక చదవడం, లెక్కలు అనే పునాది మీద దృష్టి పెట్టమని ప్రభుత్వమే చెప్పింది, అది మాకు ఆసరా అయింది. ఇంతకుముందు "సిలబస్ వదిలేసి గుణింతాలేంది మేడమ్?" అనే ప్రశ్న వచ్చేది, ఇప్పుడు రావట్లేదు. అయితే పై నుంచి ఎవరొచ్చినా మొదట అడిగేది రిజిస్టరే. హర్యానాలో బడులు చూసే సిబ్బంది ముందు తామే కొన్నాళ్లు పిల్లలకు ఈ పద్ధతిలో చెప్పి, ఆ తర్వాతే టీచర్లకు చూపించారట. మన దగ్గర ఒక్క మండలంలోనైనా అలా చేస్తే బాగుంటుంది. వచ్చిన సార్ ఒక పూట నా గుంపుతో కూర్చుని గుణింతాలు చెప్పి చూస్తే, ఆయన అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

పోలిక కోసం ఇంకో వస్తువు గురించి. ఒక కంపెనీ ప్రతినిధి మా వైపు బడులకు వచ్చి ట్యాబ్ చూపించాడు. బొమ్మలు, పాటలు, మార్కుల గ్రాఫులు, అన్నీ బాగున్నాయి. "ఏ పిల్లకు ఏం రాదో ఇది చెబుతుంది మేడమ్" అన్నాడు. రెండు రూపాయల కాగితమూ అదే చెబుతోందని నేనంటే, దాంట్లో గ్రాఫ్ రాదు కదా అన్నాడు. ప్రపంచ బ్యాంకు, యూనిసెఫ్ లాంటి సంస్థలు కలిసి ఏర్పాటు చేసిన నిపుణుల బృందం ఒకటి 2020లో, మళ్లీ 2023లో విద్య మీద ఏ ఖర్చు లాభం, ఏది దండగ అని జాబితా వేసింది. స్థాయిని బట్టి చెప్పడం 2023 జాబితాలో గొప్ప కొనుగోళ్లలో ఉంది. మిగతా ఏదీ మార్చకుండా ట్యాబ్‌లు, లాప్‌టాప్‌లు పంచడం చెడ్డ కొనుగోళ్లలో ఉంది. ట్యాబ్ అసలు పనికిరాదని కాదు. బోధన మారకుండా వస్తువొక్కటే వస్తే లాభం లేదని.

మార్కులు వేయాలంటే: కాగితానికి ఐదుకు నాలుగు, గుణింతాలు లేనందుకు ఒకటి కోత. కాగితం తర్వాత గంట పెట్టుకోలేని బడికి ఐదుకు ఒకటి, అది కూడా ఆ పిల్ల "నాకు వచ్చింది" అనుకుంటూ లేచినందుకు.

కొనేవాళ్లకు, అదే డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లకు రెండు మాటలు. నాలుగు నమూనాలు ఉంటాయి, నాలుగూ తీసుకోండి. ఒక్కటే వాడితే మన పిల్లలు మూడోసారికి బట్టీ కొట్టేస్తారు, పక్కవాళ్లు వింటూ నేర్చేసుకుంటారు. అందుకే వరండాలో ఒక మూలన కూర్చోబెట్టి చదివించండి. లెక్కల కాగితం కూడా వేరేగా ఉంది, అంకెలు గుర్తుపట్టడం నుంచి తీసివేత, భాగహారం దాకా. అది చదువు కాగితం కంటే తేలిగ్గా నడుస్తుంది, పిల్లలకు టెన్షన్ కూడా తక్కువ. మెరిసే లామినేషన్ వద్దు, వెలుతురు పడితే అక్షరాలు కనిపించవు, మ్యాట్ అడగండి. నా గుణింతాల పేజీ కావాలంటే అడగండి, పంపుతాను. మీ పిల్లలు ఏ గుణింతం దగ్గర ఆగుతున్నారో చూసి మార్చుకోండి. మా వాళ్లకు ఎత్వం, ఏత్వం కష్టం, మీ వాళ్లకు ఇంకోటి కావచ్చు.